మీ తమ్ముడి కళ్లకు నేనిద్దరు

వదినగారికి నమస్కారాలు.

ఫోనులో చెబుదామంటే మీ తమ్ముడు పక్కనే కూర్చుని నా మాటలు దిద్దుతున్నారు. అందుకే కలం పట్టాను.

పోయిన నెల ఒకరోజు గుడ్డ కత్తిరిస్తూ ఓరగా నా వైపు చూసి, "నీ పక్కన ఆవిడెవరే?" అన్నారు. వేళాకోళమనుకుని, "మీరు తెచ్చుకున్న రెండో ఆవిడేమో" అన్నాను. ఆయన నవ్వలేదు. భయమేసి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

మెదడు కింది భాగంలో సన్నని రక్తనాళం ఒకటి మూసుకుపోయిందట. భగవంతుడి దయవల్ల కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. పక్కకు చూసినప్పుడు మాత్రం ఒక కన్ను తిరుగుతుంది, రెండోది మొరాయిస్తుంది. ఎదురుగా చూస్తే నేనొక్కదాన్నే, ఓరగా చూస్తే ఇద్దరిని. మందులు మానకుండా వాడితే కొన్ని నెలల్లో సర్దుకోవచ్చనీ, అందాకా కత్తెర ముట్టుకోవద్దనీ డాక్టరమ్మ చెప్పింది. ఈయనేమో "ఒక కన్ను మూసుకుని కుట్టేస్తాలే" అంటున్నారు. నిన్న ఒక చొక్కా జేబు చంకలోకి పోయింది. మీరు గట్టిగా ఒక్క మాట చెప్పండి. మీకు తప్ప ఆయన ఎవరికీ లొంగరు.

ఇంకో సంగతి. ఇన్నేళ్లూ కుట్టుమిషను మీంచి తలెత్తకుండా కంటికొసతోనే నాతో మాట్లాడారు. ఇప్పుడు పిలిస్తే మొహమంతా నా వైపు తిప్పుతున్నారు. "ఏంటలా చూస్తారు?" అంటే, "ఒక్కదానివే ఉన్నావో లేదో చూసుకోవద్దూ!" అంటారు. ఆయన చూపు బాగుచేయమని రోజూ దేవుణ్ణి వేడుకుంటున్నాను. తల తిప్పే అలవాటు మాత్రం ఉండనివ్వమని చివర్లో మెల్లగా కలుపుతున్నాను.

ఈ ఉత్తరం దాచుకోండి, ఆయనకు చూపించకండి. చదివితే సిగ్గుపడి మళ్లీ తల దించేసుకుంటారు.

మీ మరదలు