వెలుగు కనిపిస్తేనే నొక్కాలి

నాంపల్లి,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన విద్యకు,

ఇక్కడ నేనూ అత్తయ్యా ఉన్నంతలో బాగానే ఉన్నాం. పోర్ట్ బ్లెయిర్‌లో నీ జలుబు తగ్గిందనీ, వాన పడని పూట ఒక్కటైనా దొరుకుతోందనీ అనుకుంటున్నాను. నీ ఉత్తరం బుధవారం అందింది. ఫోన్లో కూరగాయలూ కరెంటు బిల్లూ తప్ప వేరే మాట రావడం లేదు, ఉత్తరాలు రాసుకుందాం అని నువ్వన్నప్పుడు నవ్వాను. ఇప్పుడేమో ఆఫీసు నుంచి రాగానే వాచ్‌మన్‌ని అడిగేది అదే, ఏమైనా వచ్చిందా అని.

నువ్వడిగినవి ముందు చెప్పేస్తాను. మీ అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త నయం. కాచిగూడలో మీ చుట్టాలింటి పెళ్ళికి వెళ్ళి, మూడంతస్తులూ మెట్లెక్కే వచ్చింది. గీజరు బాగైంది. వంటింటి కిటికీ దగ్గర పావురాలు మళ్ళీ గూడు పెట్టాయి, ఆవిడ తీయనివ్వడం లేదు. స్కూటర్ రిపేరు అయిందా అని అడిగావు. దాని సంగతి కాసేపాగి రాస్తాను.

ఇక నీ పెద్ద ప్రశ్న. పెళ్ళయిన దగ్గర్నుంచీ స్క్రీను వైపు తిరిగి కూర్చున్న నీ వీపే చూస్తున్నాను, ఆ ఆటల్లో నీకు ప్రాణమైనవేవో ఒక్కసారీ అడగలేదు, ఇప్పుడు రాయి అన్నావు. నలుగురిలో గొప్పగా చెప్పుకునేవి కాదు, నిజంగా ఇష్టమైనవి రాయమన్నావు. ఆ మాట చదివి చాలాసేపు ఆలోచించాను. ఇన్నేళ్ళలో నన్నిలా అడిగినవాళ్ళు ఎవరూ లేరు.

మొదటిది టెట్రిస్. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు బేరమాడుతూ నాన్న, నా గోల పడలేక, అరచేతిలో పట్టే ఆ బొమ్మ కొనిచ్చారు. పైనుంచి దిమ్మలు పడుతుంటాయి, సందు లేకుండా సర్దుకుంటూ పోవాలి. నాకని కొన్నారు గానీ ఎక్కువ ఆడింది ఆయనే. ఆఫీసులో ఫైళ్ళు సర్దే మనిషి కదా, ఇంట్లో దిమ్మలు సర్దేవారు. మా నాన్న సోమయాజులు గారు పిల్లాడిలా నాలుక బయటపెట్టి ఏదైనా చేయడం నేను చూసింది అప్పుడే. అందుకే అది మొదటిది.

తరవాత కాంట్రా. టీవీకి తగిలించి అన్నయ్యా నేనూ ఆడేవాళ్ళం. అందులో జలపాతం ఎక్కే ఘట్టం ఒకటుంది. ఇద్దరూ కలిసి ఎక్కాలి. ఒకడు తొందరపడి పైకి పోతే తెర వాడితో పాటు పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు చచ్చిపోతాడు. రాఘవేంద్ర అన్నయ్యది ఎప్పుడూ తొందరే. నేను కింద నుంచి ఆగమని అరుస్తూనే చచ్చిపోయేవాణ్ణి. ఇప్పుడు ఫోన్ చేసినా, నా మాట పూర్తయ్యేదాకా ఆగడు. అయినా ఆ ఆట నాకు ఇష్టమే. ఒక్కసారి, టైఫాయిడ్ వచ్చి లేచాక అనుకుంటా, నా కోసం మెట్టు మెట్టుకీ ఆగాడు.

అందరూ రోడ్ రాష్ అంటారు. నాకెందుకో ఆ బైకుల ఆట మీద అంత మనసు లేదు.

డిగ్రీ రోజుల్లో, స్టేషన్ ఎదురు సందులోని నెట్ సెంటర్‌లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడేవాళ్ళం. యుద్ధాల్లో నేను ఎప్పుడూ ఓడిపోయేవాణ్ణి. పొలాలు వేసుకుంటూ, చేపలు పట్టిస్తూ కూర్చునేవాణ్ణి, ఈలోపు రామకృష్ణ గాడు ఏనుగులతో వచ్చి అన్నీ తొక్కించేవాడు. నాకు నచ్చింది వేరు. అందులో భూమంతా మొదట నల్లగా ఉంటుంది. మన మనిషి నడిచిన మేరకే చెట్లూ నీళ్ళూ కనబడతాయి. ఒక్కణ్ణి పంపించి ఊరికే తిప్పేవాణ్ణి.

ఇంకొకటుంది, దాని గురించి నీకెప్పుడూ చెప్పలేదు. జర్నీ అని, ఇసుకలో నడుచుకుంటూ ఒక కొండ చేరడమే ఆటంతా. దారిలో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు కలుస్తారు. ఏ దేశంవాళ్ళో తెలియదు, మాట్లాడ్డానికి లేదు, గంట మోగినట్టు చిన్న సవ్వడి మాత్రం చేయొచ్చు. నాన్న చనిపోయిన నెలలో, ఒక మధ్యాహ్నం ఆడాను. మంచు కొండ ఎక్కేచోట గాలికి నేను పడిపోతుంటే, ఆ కలిసినవాళ్ళు వెనక్కి వచ్చి పక్కన నిలబడ్డారు. నువ్వు టీ తెచ్చి, ఎందుకేడుస్తున్నావని అడిగావు. కళ్ళు మండుతున్నాయన్నాను.

మాట ఎలాగూ కళ్ళ దగ్గరికే వచ్చింది. ఇక స్కూటర్ సంగతి రాయాలి.

ఉగాది తరవాత నుంచి ఒక కత్తియుద్ధాల ఆట ఆడుతున్నాను. ఒక కోట వాకిట్లో ఎన్నిసార్లు వెళ్ళినా చచ్చిపోతున్నాను. కంట్రోలర్ పాడైందనుకుని ఆబిడ్స్‌లో కొత్తది కొన్నాను. దాంతోనూ అంతే. మీ అమ్మకి ఈమధ్య చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ నా పక్కన కూర్చోవడం అలవాటైంది. ఒకరోజు తలెత్తకుండానే అంది:

"అల్లుడుగారూ, ఎడమ దిక్కుకెల్లి వస్తున్నోణ్ణి చూస్తలేరేంది?"

ఎడమ వైపు ఎవరూ లేరన్నాను. మర్నాడు మళ్ళీ అదే మాట అంది. నేను విసుక్కున్నాను.

ఆ వారంలోనే చాదర్‌ఘాట్ దగ్గర ఎడమ పక్కనుంచి వచ్చిన ఆటో నాకు కనిపించలేదు. హ్యాండిల్‌కి తగిలి పడ్డాను. మోచెయ్యి గీరుకుంది, అంతే, ఇంకెవరికీ ఏమీ కాలేదు. ఆటోవాడు తిట్టలేదు విద్యా, లేపి కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. అంత పెద్ద ఆటో పక్కకే వస్తే ఎట్లా కనబడలేదు అన్నా, అని మెల్లగా అడిగాడు. నాకు భయం పట్టుకుంది అప్పుడే. స్కూటర్ రిపేరులో ఉందని నీకు రాసింది అబద్ధం. కింద సెల్లార్‌లో కవర్ కప్పి పెట్టాను. ఆఫీసుకి నడిచే వెళ్తున్నాను.

మోచేతికి కట్టు చూసిన అత్తయ్య మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని, పదండి కంటి దవాఖానకు అంది.

అక్కడ చీకటి గదిలో ఒక పరీక్ష చేస్తారు. ఒక కంటికి గంత కట్టి, తెల్లటి గిన్నెలాంటి దాంట్లోకి మొహం పెట్టమంటారు. నడుమనున్న చుక్కనే చూస్తుండాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట మిణుకుమని వెలుగు వచ్చి పోతుంది. కనిపించినప్పుడల్లా చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. స్నేహ అని ఒక అమ్మాయి చేయిస్తుంది. "వెలుగు కనిపిస్తేనే నొక్కాలి సార్," అని రెండుసార్లు చెప్పింది.

బటన్ చేతికిస్తే నాకేమవుతుందో నీకు తెలుసు. కాసేపట్లోనే ఆ వెలుగులు ఏ లయలో వస్తున్నాయో పట్టేశాను. కనిపించకపోయినా, ఇప్పుడొకటి రావాలి కదా అనిపించిన చోటల్లా నొక్కాను. బాగా ఆడాననుకుంటూ బయటికొచ్చాను. నిజంగా సంతోషంగానే ఉంది అప్పుడు.

డాక్టర్ గారు కాగితం చూసి, వెలుగు లేనప్పుడు కూడా చాలాసార్లు నొక్కారు, ఇది పనికిరాదు అన్నారు. ఊరుకోలేక, గెలుద్దామని ఆడాను సార్ అన్నాను. ఆయన నవ్వలేదు.

"మీకు ఏది కనిపించడం లేదో నాకు తెలియాలి. అదే దాచేస్తే నేను దేనికి మందివ్వను?"

మళ్ళీ పిలిచేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాం. ఇన్నేళ్ళుగా నన్ను మీరు అని తప్ప ఇంకోలా పిలవని మీ అమ్మ, నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని అంది:

"నువ్వు ఎవర్ని మోసం చేస్తున్నవ్ బిడ్డా? కనబడకుంటే కనబడతలేదని చెప్పు. చెప్తే తప్పేంది? మేం లేమా?"

తల ఊపాను.

రెండోసారి నిజంగా చేశాను. మిషన్ చిన్నగా చప్పుడు చేస్తూనే ఉంది. ఎడమ పక్క ఎక్కడో వెలుగులు వచ్చి పోతున్నాయని నాకు తెలుసు. నాకు ఏమీ కనబడలేదు. బొటనవేలు బటన్ మీదే ఉంది, నొక్కలేదు. నా జన్మలో ఇంత కష్టమైన ఆట ఆడలేదు. మధ్యలో స్నేహ, సార్ నిద్రపోతున్నారా అని అడిగింది. లేదమ్మా, చూస్తున్నాను అన్నాను.

గ్లకోమా అట. అత్తయ్య నీటికాసులు అంటుంది, వాళ్ళ మేనమామకు ఉండేదట. ఎడమ కంట్లో పోయిన చూపు ఇక రాదు. కుడి కంట్లో ఇప్పుడిప్పుడే మొదలైంది. చుక్కల మందు వేస్తున్నాం. వచ్చే నెల మళ్ళీ అదే పరీక్ష చేసి, కంటిలో ఒత్తిడి తగ్గకపోతే ఆపరేషన్ అంటున్నారు. ఉన్న చూపు నిలబెట్టే అవకాశం బాగానే ఉందన్నారు. ఆఫీసు పనికి ఇబ్బంది లేదు. ఆటలు ఆడితే నష్టమా అని అడిగాను, లేదన్నారు. అత్తయ్య ఇప్పుడు కుర్చీ నా ఎడమ పక్కకు జరుపుకుంది. "ఎడమ" అంటుంది, నేను తిరుగుతాను. నిన్న ఆ కోట వాకిలి దాటాం. "సచ్చిండా?" అని అడిగి, చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఈ పోస్టింగ్ కోసం నువ్వు ఎంత ఎదురుచూశావో నాకు తెలుసు. అందుకే చెప్పలేదు. నీకు చెప్పొద్దని అత్తయ్య చేత కూడా ఒట్టు వేయించుకున్నాను, ఆవిడ మీద కోప్పడకు. ఈ ఉత్తరం మొదట రాసినప్పుడు, కంగారు పడకు, రానక్కర్లేదు, నేను చూసుకుంటాను అని ముగించాను. చదివి చూస్తే, వెలుగు లేని చోట నొక్కినట్టే ఉంది. చింపేసి మళ్ళీ రాశాను.

ఉద్యోగం వదిలి రావద్దు. అది మాత్రం నా మీద ఒట్టు. పరీక్ష రోజుకి నాలుగు రోజులు సెలవు పెట్టి రా. చీకటి గదిలోంచి బయటికొస్తే కాసేపు కంటికి ఏమీ ఆనదు. ఆ కాసేపు బెంచీ మీద నువ్వుండాలి. నాకు భయంగా ఉంది విద్యా.

ఇట్లు,
నిన్ను రమ్మంటున్న నీ భర్త,
శశికిరణ్