క్రాబ్‌ట్రీ వారి గది

ఒంటికొమ్ము పొట్టేలు సత్రం,
నెదర్ స్కార్‌డేల్, యార్క్‌షైర్.
అక్టోబరు 17, 1974, గురువారం.

ప్రియమైన మీకు హెస్టర్ రాయునది.

ఇక్కడ నేనూ, పనిపిల్ల డోరిసూ, కుక్కా, పైకప్పు మీద మిగిలిన పెంకులూ అందరం క్షేమం. అక్కడ మీరూ, మీ ఊపిరితిత్తులూ, మీ అక్క ఈనిడ్ గారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. సముద్రపు గాలి మీకు బాగా పడిందని ఆవిడ నాకు విడిగా ఒక కార్డు రాశారు. పొద్దున్నే గట్టు మీద నడుస్తూ ఈల వేస్తున్నారట మీరు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఈ ఇంట్లో మీ ఈల ఒక్కసారి కూడా వినలేదు నేను. మీకు ఈల వచ్చని కూడా నాకు తెలియదు. ఈ సంగతి తర్వాత మాట్లాడతాను.

మీ ఉత్తరం మంగళవారం అందింది. బాయిలరు ఎలా ఉందని అడిగారు. పనిచేస్తోంది, అంటే చప్పుడు చేస్తోంది. వేడినీళ్ళు ఒకటో గదికి వస్తున్నాయి, రెండో గదికి గోరువెచ్చగా వస్తున్నాయి, నాలుగో గదికి వస్తున్నాయన్న కబురు మాత్రం వెళుతోంది. ఆ నాలుగో గదిలోనే కప్పు కారుతుంటే బకెట్ పెట్టాను. అమెరికా నుంచి వచ్చిన ఒకావిడ ఆ బకెట్‌ని మూడు ఫొటోలు తీసుకుంది, అది కూడా ఈ సత్రంలా నాలుగువందల ఏళ్ళ నాటిదే అనుకుంది కాబోలు. నేను అవుననలేదు, కాదనలేదు. పెంకులు మార్పించడానికి కౌన్సిల్‌కి పెట్టిన అర్జీకి ఇంకా జవాబు లేదు. పాతకట్టడంలో మేకు కొట్టాలన్నా వాళ్ళ సెలవు కావాలి గానీ, వాన పడటానికి మాత్రం ఎవరి సెలవూ అక్కర్లేదు.

మన కుక్క బిషప్ తిండి తింటున్నాడా అని అడిగారు. తింటున్నాడు. ఎవరిది తింటున్నాడో కూడా ఈ వారం తెలిసింది. ఏటా అక్టోబరులో వాడికి పొట్ట ఉబ్బిపోతోందని మీరు పశువుల డాక్టరుకి చూపించడం, ఆయన నులిపురుగుల మందు ఇవ్వడం గుర్తుంది కదా. కుక్కకి ఏ జబ్బూ లేదండీ. ఎలాగో చెబుతాను.

క్రాబ్‌ట్రీ దంపతులు శనివారం మూడింటికి వచ్చారు, ఇరవై అయిదోసారి. ఎప్పటిలాగే సిరిల్ గారు మూడో గది గుమ్మం దూలానికి నుదురు కొట్టుకున్నారు. ఎప్పటిలాగే, "పాత మిత్రుడు పలకరించాడు" అన్నారు. ఎప్పటిలాగే ఐవీ గారు నవ్వారు. కిటికీ తెరిచి ఇద్దరూ పక్కపక్కన నిలబడి నది వైపు చూసి, ఎంత బాగుందో, ఎంత బాగుందో అనుకున్నారు. నేను తువ్వాళ్ళు పెట్టి కిందికి వచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం ఆయన నది వెంట నడకకి వెళ్ళారు. ఆవిడ మెల్లిగా వంటింట్లోకి వచ్చారు.

"హెస్టర్ గారూ, మీ దగ్గర ఒక వెడల్పాటి చెక్క ఏమైనా దొరుకుతుందా?"

"ఎందుకండీ?"

"పరుపు కింద పెట్టుకోవడానికి. ఆయన కంట పడకుండా పెట్టాలి."

నేను కుర్చీ వేశాను. ఆవిడ కూర్చుని, తలుపు వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించి మొదలుపెట్టారు. "ఏమనుకోకండమ్మా. ఆ మంచం మీద పడుకుంటే నా నడుం ఒక జిల్లాలో, కాళ్ళు ఇంకో జిల్లాలో ఉంటాయి. గది మొత్తం కిటికీ వైపు వాలి ఉంది కదా, దొర్లిపోతానేమోనని మంచంకోడు పట్టుకుని పడుకుంటాను. ఇప్పుడే కాదు, మొదటి ఏడాది నుంచీ అంతే."

"మరి ఎందుకు వస్తున్నారండీ?"

"ఆయన కోసం. ఏడాదంతా ఆ టోపీల కొట్లో నిలబడి నిలబడి ఈ ఒక్క వారం కోసం బతుకుతారు. రాజుగారు పడుకున్న మంచం అని బ్రాడ్‌ఫర్డ్ అంతా చెప్పుకుంటారు. మీరు పొరపాటున కూడా నోరు జారకండి."

ఆ మంచం మీరు రిపన్ వేలంలో కొన్నదని నేను చెప్పలేదు. అంతమాత్రం జ్ఞానం నాకుంది. చెక్క ఇచ్చాను.

సోమవారం వాన. ఐవీ గారు పైన కునుకు తీస్తుంటే సిరిల్ గారు హాల్లో నా దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకుని, టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డారు.

"ఒక్క మాటమ్మా. ఆ మాంసపు కిడ్నీ పుడ్డింగు ఈ వారం చెయ్యకుండా ఉండటం కుదురుతుందా?"

"అదేమిటండీ, మీకు ప్రాణం కదా?"

"నాకు కాదమ్మా, మీ కుక్కకి. ఇన్నేళ్ళూ బల్ల కింద నుంచి దానికే పెడుతున్నాను. ఇప్పుడు దానికీ వయసు మీద పడింది, అరగడం లేదనుకుంటాను." ఆయన నుదురు తడుముకున్నారు. "చెప్పకూడదు గానీ, ఆ దూలానికి కొట్టుకుని కొట్టుకుని నా తలకి ఒక చొట్ట పడింది. ఊరందరికీ టోపీలు పెట్టేవాణ్ణి, నా తలకి ఒక్క టోపీ సరిగ్గా కూర్చోదు. ఆ మంచం నాకూ పడదు, ఆవిడ నిద్రపోయాక పొద్దుటిదాకా కుర్చీలోనే పడుకుంటాను. ఆవిడ లేచే వేళకి మళ్ళీ మంచం ఎక్కుతాను."

"ఇంత కష్టం ఎందుకండీ?"

"ఐవీ కోసమమ్మా. ఆవిడకి ఇది స్వర్గం. ఆ కిటికీ దగ్గర నిలబడినప్పుడు మొహం చూశారా, ఎలా వెలిగిపోతుందో. చెప్పకండేం."

ఇప్పుడు నా గతి ఏమిటో మీరే ఆలోచించండి. ఒక అతిథి చెప్పింది ఇంకో అతిథి చెవిన పడకూడదని మొదటి రోజే నాకు నేర్పింది మీరు. అది తప్పకుండా ఇన్నేళ్ళు పూటకూళ్ళమ్మతనం వెలగబెట్టాను. పైగా, మీరు వెళ్ళేముందు చేయించిన ఇత్తడి పలక మూట విప్పకుండా అల్మారాలో కూర్చుని ఉంది. "పలక చూసి క్రాబ్‌ట్రీ వాళ్ళేమన్నారు? ఒక్క ముక్క వదలకుండా రాయి" అని మీ ఉత్తరంలో రెండు గీతలు గీసి మరీ అడిగారు. రాస్తున్నాను.

మంగళవారం భోజనాల వేళకి పాస్టరు గారిని పిలిచాను. గొర్రెల ఏమస్ ఎవరూ పిలవకుండానే వచ్చాడు. పుడ్డింగు చెయ్యలేదు, కోడిని కాల్చాం. డోరిస్ పలకని వంటింటి తువ్వాలులో చుట్టి పళ్ళెంలో పెట్టి పట్టుకొచ్చింది. తువ్వాలు తీసి నేను చదివాను: "క్రాబ్‌ట్రీ వారి గది. వారు జీవించి ఉన్నంతకాలం ఏటా అక్టోబరు రెండో వారం ఈ గది వారిదే."

అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళిద్దరి మొహాలు చూశాను. యావజ్జీవ శిక్ష పడ్డవాళ్ళ మొహాలు అలాగే ఉంటాయి కాబోలు. ఇద్దరూ ఒకేసారి, "ఎంత బాగుందో" అన్నారు. ఐవీ గారు చేతిరుమాలు తీశారు. ఆనందబాష్పాలనుకుని పాస్టరు గారు దాంపత్యం గురించి మొదలుపెట్టారు. ఏమస్ గ్లాసు ఎత్తి, "ఇంకో ఇరవై అయిదేళ్ళు" అన్నాడు. సిరిల్ గారు కూడా ఎత్తారు. ఎత్తిన గ్లాసుని తాగకుండానే మెల్లిగా కింద పెట్టేశారు.

అది చూశాక నావల్ల కాలేదండీ. నోరు దానంతటదే తెరుచుకుంది.

"సిరిల్ గారూ, ఆ మంచం మీద మీ ఆవిడ నడుం విరిగిపోతోంది. అమ్మా, మీ ఆయన కుర్చీలో పడుకుంటున్నారు, పుడ్డింగు కుక్కకి పెడుతున్నారు. ఆ గది మీ ఇద్దరిలో ఎవరికీ ఇష్టం లేదు."

మన వైపు భోజనాల బల్ల దగ్గర ఎవరైనా నిజం మాట్లాడితే ఏం చేస్తారో తెలుసు కదా. అందరూ ఉప్పుబుడ్డి వంక చూశారు.

"నిజమా, ఐవీ?" అన్నారు ఆయన.

"మీరు ముందు చెప్పండి."

"లేదు లేదు, నువ్వే ముందు."

"మీ మనసు నొచ్చుకుంటుందేమోనని..."

"నా మనసుకేం కాలేదు. నొచ్చుకుందంతా నా తల."

ఆవిడ ఫోర్కు కింద పెట్టారు. "అయితే ఇన్నేళ్ళూ మనం ఎవరి కోసం వచ్చినట్టు?"

ఇద్దరూ నా వంక చూశారు. నేను ఉప్పుబుడ్డి వంక చూశాను.

"పోనీ, నీకు ఎక్కడికి వెళ్ళాలని ఉండేది?" అని అడిగారు ఆయన. పాస్టరు గారి ముందు సిగ్గుపడుతూ, ఆవిడ బల్లగుడ్డ అంచు నలుపుతూ చెప్పారు. "బ్లాక్‌పూల్. ఆ సముద్రపు ఒడ్డూ, ఆ రంగు దీపాలూ, ఆ జనం... వేయించిన చేప కాగితంలో పెట్టుకుని తింటూ నడవాలని."

ఆయన కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నారు. "నాకూ బ్లాక్‌పూలే, ఐవీ" అన్నారు. "మన వీధి చివర బస్సెక్కితే రెండు గంటలు."

అప్పుడు మొదలైంది పోట్లాట. "నోట్లో నాలుక లేదా మీకు?" అని ఆవిడ. "నీకుందిగా, వాడొచ్చుగా" అని ఆయన. పాస్టరు గారు కోటు మరిచిపోయి వెళ్ళిపోయారు. పావుగంట తిట్టుకున్నారు, ఇంతలో ఎవరు ముందు మొదలుపెట్టారో గానీ నవ్వడం మొదలుపెట్టారు. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడ వీపు నిమిరారు. ఏమస్ ఈ సందులో ఎవరిదో కోడి కాలు లాగించేశాడు.

బుధవారం పొద్దున్నే, ఇంకో మూడు రోజులు ఉండగానే, పెట్టెలు కారులో పెట్టుకున్నారు. బ్లాక్‌పూల్‌లో దీపాలు ఈ నెలాఖరుదాకా ఉంటాయట. మన అతిథుల పుస్తకంలో ఇద్దరూ సంతకం పెట్టి, "ఎప్పటిలాగే చాలా ఆహ్లాదంగా గడిచింది" అని రాశారు. మనిషి అన్నాక అలవాటు ఒక్క పూటలో పోతుందా.

ఇదీ పలక కథ. పలక ఇప్పుడు నా దగ్గరే ఉంది, తువ్వాలు డోరిస్ తీసేసుకుంది.

ఇక అసలు సంగతి. ఇది రాయడానికి నిన్నటి నుంచి రెండు కాగితాలు చింపాను.

కారు ఎక్కబోతూ ఐవీ గారు నా చెయ్యి పట్టుకుని, "గది తప్పేమీ లేదమ్మా, మొదటి ఏడాదే ఎవరో ఒకరం నోరు తెరవాల్సింది" అన్నారు. తర్వాత ఊరికే, మర్యాదకి, "మీకు మాత్రం ఇక్కడ ఇష్టమేగా?" అని అడిగారు. "చాలా ఇష్టమండీ" అని టక్కున చెప్పాను. కారు వంతెన దాటిపోయింది. నేను గిన్నెల నీళ్ళ చేతులతో వాకిట్లో నిలబడిపోయాను, నా గొంతు నాకే వినిపించింది. ఆ మాట అచ్చం ఐవీ గారు కిటికీ దగ్గర అనే మాటలాగే ఉందండీ.

నాకు ఈ సత్రం ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు.

నలభై ఆరులో మీరు నన్ను ఆ వంతెన మీద నిలబెట్టి, "ఎలా ఉంది హెస్టర్?" అని అడిగారు. మీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సైన్యం నుంచి వచ్చిన మనిషి, మొదటిసారి ఏదో ఒకటి కావాలనుకుంటున్నాడు, కాదనకూడదు అనుకుని "అద్భుతం" అన్నాను. ఆ రోజు ఈదురుగాలి కూడా ఉంది, అది ఇప్పుడు గుర్తొస్తోంది. నాకు కావలసిందల్లా హారోగేట్‌లో చిన్న ఉన్నిదారాల కొట్టు. గోళీ పెడితే పెట్టిన చోటే ఉండే నేల. సాయంత్రం అయిదింటికి గడియ వేసి, ఇవాళ్టికి చాలు అనుకోగలిగే తలుపు. ఇరవై ఎనిమిదేళ్ళుగా కూర్చుని పొద్దుటి ఫలహారం తినలేదు నేను, అందరికీ వడ్డించి నిలబడి తిన్నాను. కోపం లేదు. కాళ్ళు మాత్రం నొప్పి.

మొదటి పద్నాలుగేళ్ళ కౌలు అయిపోయి రెండోసారి కాగితాలు వచ్చినప్పుడు, మీరు కలం పట్టుకుని సంతకం పెట్టేముందు తలెత్తి నా వంక చూశారు. నేను నవ్వాను. మీరు పెట్టారు. ఆ చూపు చూసి, మురిసిపోతున్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిన్నటి నుంచి, ఏమో, నా నోటి వెంట ఒక్క మాట వస్తుందేమోనని చూశారేమో అనిపిస్తోంది. ఈల కూడా ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత వేశారు కదా.

మూడో పద్నాలుగేళ్ళ కౌలు కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి, వచ్చే సోమవారం సంతకం పెట్టి పంపుతానని రాశారు. ఆ గడువు తీరేసరికి మీకు డెబ్బై మూడేళ్ళు వస్తాయి. "నీకు ఆ ఇల్లంటే ప్రాణం కదా, అందుకే ఆలోచించలేదు" అని కూడా రాశారు. ఆ మాట దగ్గరే నాకు ఏడుపొచ్చింది. మీకు నిజంగా ఇక్కడే ఉండాలని ఉంటే పెట్టెయ్యండి, నేను ఎక్కడికీ పోను, సణగను. నా కోసమైతే మాత్రం కలం కింద పెట్టండి. ఈ ఊళ్ళో నాకు ఇష్టమైంది ఒక్కటే, అది ప్రస్తుతం మీ అక్కగారి ఊళ్ళో ఈల వేసుకుంటూ తిరుగుతోంది.

మందు వేళకి వేసుకోండి. మఫ్లరు లేకుండా గట్టు మీదికి వెళ్ళకండి.

ఇట్లు,
ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత నోరు తెరిచిన మీ భార్య,
హెస్టర్

తా.క. ఇది మడిచి కవరు అంటిస్తుండగా పోస్ట్‌మన్ రెజ్ వచ్చాడు. మీ చేతిరాతతో ఒక ఉత్తరం తెచ్చాడు, లావుగా ఉంది. మొన్ననే రాసి మళ్ళీ ఎందుకు రాశారో నాకు తెలియదు. విప్పలేదు, రొట్టెల డబ్బా కింద పెట్టాను. అందులో "నాకా సత్రమే ప్రాణం" అని ఉంటే, చదివిన మరుక్షణం నేను ఇది పొయ్యిలో పడేసి "నాకూనండీ" అని రాసేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకని ముందు నాది వెళ్ళాలి. రెజ్ బండి వంతెన దాటాకే మీది విప్పుతాను. అతని టీ అయిపోయింది, ఈ కవరు అతనికి ఇచ్చేస్తున్నాను.