రాణిగారి కోటు ఎడమ చెయ్యి

పిచికమ్మా,

ఎలా ఉన్నావు? నేను బాగానే ఉన్నానని రాద్దామని కూర్చున్నాను గాని ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. తప్పులుంటే సర్దుకుని చదువుకో. హాస్టల్లో ఎవరికీ చూపించకు.

నీకో అబద్ధం చెప్పాను. నీ తమ్ముడు పోయాక నెల్లాళ్ళు ఇంటిపట్టునే ఉంటానన్నాను కదా. నువ్వు బస్సెక్కిన మర్నాడే, వాడు పోయిన తొమ్మిదో రోజునే, పనికి వెళ్ళిపోయాను. ఇంట్లో ఎటు తిరిగినా వాడి చెప్పులే కాళ్ళకి తగిలేవి. మా షాపులో టీవీ వాళ్ళ రాజుల సీరియల్‌కి బట్టలు కుడతామని నీకు తెలుసుగా. ఆవేళ నాకిచ్చింది రాణిగారి మఖమలు కోటు. కొడుకు చనిపోయిన రోజున ఆవిడ సభలో కూర్చునేటప్పుడు వేసుకునేదట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. దాని ఎడమ చెయ్యి తిరగేసి కుట్టేశానమ్మా. మెరుపు లోపలికి, కుట్లు పైకి. పోయిన సోమవారం టీవీలో చూసేదాకా నాకే తెలియదు.

ఇప్పుడు ఊరంతా రెండుగా చీలిపోయింది. బస్సులో ఒకాయన, "మహారాణికి ఆ పీలిక తగిలిస్తారా? మన ఊరేలిన వంశం పరువు తీశారు" అని ఒకటే కేకలు. పక్కావిడ ఊరుకోలేదు. "బిడ్డ పోయిన తల్లికి ఏది లోపలో ఏది పైనో తెలుస్తుందేమిటండీ? సీరియల్ తీసినవాడెవరో గాని కడుపుకోత ఎరిగినవాడు" అంది. నేను తల ఎత్తలేదు. దిగాల్సిన చోటు దాటిపోయినా దిగలేదు.

మంగళవారం షాపు అద్దం మీద రాయి పడింది. పదిమంది లోపలికొచ్చి "ఎవడు కుట్టాడు?" అన్నారు. కటింగ్ మాస్టారు కత్తెర పక్కన పెట్టి "నేనే" అన్నారు. నేను మిషను వెనకే ఉన్నాను. శుక్రవారం వీధిలో అందరి ముందూ ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తప్పు ఒప్పుకోవాలట, లేకపోతే షాపు తగలబెడతారట. ఆయనకేమన్నా అయితే నా వల్లే. నేను నోరు విప్పి నాకేమన్నా అయితే నీకింకెవరున్నారు? ఇది తలుచుకునే ఊరుకున్నాను. ఊరుకుంటే ఇంకా భయంగా ఉంది.

మీ అమ్మ

పిచికమ్మా,

శుక్రవారం గడిచిపోయింది. నాకు దెబ్బలేమీ తగల్లేదు, ముందు అది తెలుసుకో.

పొద్దున్నే వెళ్ళేసరికి మాస్టారు ఒక్కరే ఇస్త్రీ చేసుకుంటున్నారు. "అది నేను కుట్టిందండీ, తెలియక తిరగేశాను" అన్నాను. ఆయన తల కూడా తిప్పలేదు.

"తెలుసక్కా. ఇస్త్రీ చేసేటప్పుడే చూశాను."

"చూసి పంపించారా?"

"విప్పి మళ్ళీ కుట్టమని ఆవేళ నీ చేతికెలా ఇవ్వమంటావు? ముప్పై ఏళ్ళలో చూసి వదిలేసిన తప్పు ఇదొక్కటే. అదే టీవీలో పడాలా?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. వాళ్ళు రాగానే ఆయనకంటే ముందు వెళ్ళి నిలబడ్డాను. కుట్టింది నేనని, మా అబ్బాయి పోయి అప్పటికి తొమ్మిది రోజులేనని చెప్పాను.

"ఎవరు నేర్పించారీ మాటలు?" అన్నాడు ముందున్నవాడు.

"నేర్పిస్తే ఇంకా బాగా చెప్పేదాన్ని బాబూ."

వెనక నుంచి ఎవరో "ఎన్నేళ్ళవాడమ్మా?" అని అడిగారు. పంతొమ్మిది అన్నాను. ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగారు. ముందున్నవాడు మాత్రం "మళ్ళీ వస్తాం" అనే వెళ్ళాడు.

వస్తారేమో తెలియదు. తలుపు చప్పుడైతే లేచి గడియ చూసుకుంటున్నాను. అయినా రేపు పనికి వెళతాను. మాస్టారి మొహం చూడగలుగుతున్నాను, అది చాలు. నువ్వు హడావిడిగా బయల్దేరి రాకు, పరీక్షలు రాయి. నా గురించి బెంగపెట్టుకుని కంచం ముందు నుంచి లేచిపోకు. వేళకి కడుపునిండా తిను.

మీ ఇద్దరి అమ్మ