బాలమణి అక్క చెప్పమన్న మాట

మాదాపూర్, 14-9-98

చెల్లె నవనీతకు అన్న సాయిలు దీవెనలు. నేను బాగానే ఉన్నాను, కబురే బాగాలేదు. మా అద్దాల బిల్డింగు పనిలో ఇటుకలు మోస్తూ, పొద్దుగూకితే పిల్లలకు కబడ్డీ నేర్పిన బాలమణి అక్క శనివారం దవాఖానలో పోయింది. పచ్చకామెర్లు. పదో తరగతి తప్పి ఇక్కడికొచ్చి నువ్వు తిండీ మాటా మానేస్తే, చెయ్యి పట్టి గీత లోపలికి లాగింది ఆమే కదా. జిల్లాకు ఆడిన మనిషి, నీ పట్టుకు కావాలనే చిక్కేది. చివరిరోజు నన్ను పిలిచి, "చెల్లెకు రాయి తమ్మీ. గెలిస్తే గెలుస్తది, ఓడితే ఓడుతది, కూత మాత్రం ఆపొద్దని చెప్పు" అన్నది. నిన్న గుడిసెల పిల్లలు గీతలైతే గీశారు గాని, ఒక్కరి నోటా కూత రాలేదు.

అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది? అక్క నీకిచ్చిన మోకాలి పట్టీలు పెట్టెలో దాచకు. రేపే తొడుక్కొని బడి గ్రౌండుకు పో. మళ్ళీ మూల కూర్చున్నావని వినకూడదు. చావు కబురు కార్డని నాయన చదవగానే చింపబోతాడు, చింపనీయకు. ఆమెకు ఒక్క ఫొటో కూడా లేదు చెల్లే. పేరు రాసి ఉన్నది దీనిమీదే.