తలుపు మీద పసుపు లైటు

కోడలు పిల్లకి,

ఉత్తరం చూసి కంగారు పడకు. విరిగిన తుంటి అతుక్కుంటోంది. కర్ర పట్టుకుని వరండా చివరి కిటికీ దాకా వెళ్ళి వస్తున్నాను. ఫోనుండగా ఉత్తరమేమిటి అంటావేమో. నా ఫోను కూడా నాతోపాటే మెట్ల మీంచి పడింది కదా, నన్ను అతికించారు గానీ దాన్ని అతికించలేదు. ఈ వృద్ధుల సంరక్షణ గృహంలో ఫోను నర్సుల బల్ల మీద ఉంటుంది. నేను మాట్లాడుతున్నంతసేపూ హెడ్ నర్సు పక్కనే నిలబడి, మందుల ట్రే సర్దుతున్నట్టు నటిస్తూ చెవులన్నీ ఇటే పెడుతుంది. అందుకే నువ్వు "ఎలా ఉన్నారత్తయ్యా" అన్నప్పుడల్లా "బాగుందమ్మా" అని ఊరుకుంటున్నాను.

మొన్న నువ్వన్న మాటకి మాత్రం నాకు కష్టం వేసింది. "అత్తయ్యా, మీరు అస్తమానం బెల్లు కొట్టి సిబ్బందిని సతాయిస్తున్నారట. కాస్త సర్దుకోకూడదా?" అన్నావు. అదే మాట మావాడు అని ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని, వాడికి చిన్నప్పటి నుంచీ ఏదీ పట్టదు. నువ్వు అన్నావు. నువ్వు బ్యాంకులో కూర్చుని ఎవరెవరి లెక్కల్లోనో తప్పులు పట్టే మనిషివి. ఒక పక్క మాట విని తీర్పు చెప్పేశావు.

ఇప్పుడు రెండో పక్క విను. ఈ గదిలో నాతోపాటు ఇంకొకావిడ ఉంది. నాకంటే కాస్త పెద్దది. నేను వదినా అని పిలుస్తున్నాను. పక్షవాతంతో కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. నువ్వామెను చూశావు. మనం మొదట ఇక్కడికి వచ్చిన రోజు ముందు హాల్లో చేపల తొట్టి పక్కన పెద్ద టీవీలో ఒకావిడ నవ్వుతూ "బాగుంది" అంటుంది చూడు, ఆవిడే. "చూడండత్తయ్యా, ఎంత నిండుగా చెబుతోందో" అని, నన్నిక్కడే చేర్చాలని అప్పుడే నువ్వు నిర్ణయించేశావు. నేనూ తలూపాను, కాదనను.

ఆవిడకి మిగిలింది ఆ ఒక్క మాటేనమ్మా. జబ్బు చేసి మాటలన్నీ ఊడ్చుకుపోగా అదొక్కటి నాలుక మీద ఉండిపోయింది. ఆకలేస్తే బాగుంది. దాహమేస్తే బాగుంది. పక్క తడిస్తే బాగుంది. ఆమె చెప్పాలనుకునేది వేరు, నోట్లోంచి వచ్చేది ఇది. వచ్చాక తనకే తెలుస్తుంది, కళ్ళు మూసుకుంటుంది.

నేను ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేశానని నీకు తెలుసు. "హలో" అన్న ఒక్క మాటలో అవతలి ఇంట్లో పెళ్ళో చావో పోల్చుకునేదాన్ని. ఆవిడ "బాగుంది"లో ఏది ఏమిటో నాకు వినిపిస్తుంది. అందుకే బెల్లు కొడుతున్నాను. ఆవిడ బెల్లు మీట ఎటు వేలాడుతోందో తెలుసా? కుడి పక్క. కదలని చేతి వైపు. అక్కడ పెట్టినవాళ్ళని ఏమనాలి?

ఆవిడని వీళ్ళు "బంగారు మామ్మ" అంటారు, ఏ గొడవా పెట్టదని. నన్ను "గంట మామ్మ" అంటారట. అననీ.

నీ మీద అలిగినా నీ క్షేమమే కోరే
అత్తయ్య


సంతకాల కోడలికి,

కోపంతో కూడిన ఆశీస్సులు. ఆశీస్సులు ఎప్పుడూ ఉండేవే, కోపం నిన్నటిది.

నిన్న పొద్దున్న మేనేజరు స్వయంగా వచ్చాడు. ఈ మనిషి ముందు హాలు దాటి లోపలికి రావడం నేను చూడటం ఇదే మొదలు. ముఖమంతా నవ్వు. "మామ్మగారూ, మీకు శుభవార్త. మీరు హాయిగా ఉండాలని ఒంటిగది ఇస్తున్నాం. మీ కోడలుగారు కూడా ఒప్పుకుని సంతకం పెట్టారు" అన్నాడు. నన్ను ఒక్కమాట అడగకుండానే! నా తుంటి విరిగింది గానీ నా నోరు పడిపోలేదు కదమ్మా. నువ్వు నా మంచికే చేశావని తెలుసు. వాళ్ళు నా మంచికి చెయ్యలేదు. ఆవిడకీ నాకూ మధ్య గోడ కట్టడానికి చేశారు. నేను కదలనని చెప్పేశాను. "రూలు ప్రకారం..." అని ఏదో మొదలుపెట్టాడు. "అయితే మంచంతో సహా ఎత్తుకెళ్ళండి, వరండా పొడుగునా అరుస్తాను, నాకు మంచి గొంతుంది" అన్నాను. చల్లగా జారుకున్నాడు.

వాళ్ళకి అంత కంటగింపు ఎందుకో చెబుతాను. బెల్లు కొడితే తలుపు మీద పసుపు లైటు వెలుగుతుంది. కొట్టగానే రారు సరే, మనుషులు తక్కువ, నాకూ తెలుసు. ఈ వరుస గదులన్నిటికీ ఒక్కతే ఆయా, పాపం కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు తిరుగుతుంది. ఆమె మీద నాకు కోపం లేదు. హెడ్ నర్సు ఉంది చూడు, ఆమె తలుపులోంచి తొంగిచూసి, "ఇప్పుడే పంపిస్తా" అని లైటు ఆర్పేసి వెళ్ళిపోతుంది. ఎవరూ రారు. పని జరగలేదు, లైటు మాత్రం ఆరిపోయింది. పైవాళ్ళు చూస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే. మా ఎక్స్ఛేంజిలో బోర్డు మీద లైటు వెలిగితే ప్లగ్గు పెట్టి "ఎవరండీ" అనాల్సిందే. మాట్లాడకుండా లైటు ఆర్పిన అమ్మాయికి మర్నాడు కుర్చీ ఉండేది కాదు. ఇక్కడ ఆ పని చేసిన మనిషి హెడ్డు!

ఆదివారం ఇంకో ఘోరం. ఆయా హడావుడిలో వదిన నోటికి సూపు అందించింది. పొగలు కక్కుతోంది. వదిన "బాగుంది, బాగుంది" అంటోంది, కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయా ఇంకో చెంచా పెట్టబోయింది. నేను కర్ర కూడా మరిచిపోయి మంచం పట్టుకుని వెళ్ళి గిన్నె లాగేశాను. ఆవిడ ఎడమచెయ్యి పట్టుకుని, "వదినా, కాలిందా? కాలితే నా చెయ్యి నొక్కండి" అన్నాను. అబ్బ, ఎంత బలంగా నొక్కిందనుకున్నావు! "ఇది పాలా?" అంటే నొక్కలేదు. "సూపా?" అంటే నొక్కింది. అన్నీ అర్థమవుతున్నాయమ్మా. లోపల మనిషి మనిషిలాగే ఉంది. ఆయా అక్కడే కూలబడి ఏడ్చింది, "నాకెవరూ చెప్పలేదు మామ్మా" అని.

ఆ తర్వాత నేను అడుగుతూ పోయాను. నొప్పి ఎక్కడ, నడుమా? లేదు. భుజమా? లేదు. కాలా? నొక్కి వదల్లేదు. దుప్పటి తీసి కాలికి తొడిగిన చక్కటి ఊలు మేజోడు విప్పితే కుడి మడమ నల్లబడి ఉంది. ఒకే తీరున పడుకోబెట్టి వదిలేస్తే వచ్చే పుండు. హెడ్ నర్సుని పిలిచి చూపించాను. నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఏమందో విను.

"రోజూ అడుగుతూనే ఉన్నాం. నొప్పి ఉందా అంటే లేదనే చెప్పారు."

"లేదని అన్నారా?"

"బాగుంది అన్నారు."

నా ఒళ్ళు మండిపోయింది. ఇంకా మండుతూనే ఉంది. ఆ ఒంటిగది సంతకం వెనక్కి తీసుకో.

కదలని
అత్తయ్య


అమ్మాయీ,

నీ జవాబు అందింది. సంతకం వెనక్కి తీసుకున్నందుకు సంతోషం. "అత్తయ్యా, మీరు చెప్పేది నిజమే అయితే ఇంతమంది కలిసి ఎందుకు అబద్ధమాడతారు?" అని అడిగావు. మంచి ప్రశ్న. నేనూ చాలాసేపు ఆలోచించాను. ఎవరూ అబద్ధమాడటం లేదమ్మా, అదే నన్ను దహించేస్తోంది. డాక్టరు అడిగాడు, బాగుంది అంది, రాసుకున్నాడు. నర్సు అడిగింది, బాగుంది అంది, రాసుకుంది. మేనేజరు అడిగాడు, బాగుంది అంది, టీవీలో పెట్టుకున్నాడు. అందరూ అడిగారు. వాళ్ళకి కావలసిన జవాబే వచ్చింది కాబట్టి రెండోసారి ఎవరూ అడగలేదు. అదే నేనైతే? కుదరలేదంటాను, చల్లారిందంటాను. అందుకే నేను సతాయించేదాన్ని.

ఆవిడకి ఒక కొడుకున్నాడు. బజారులో కళ్ళజోళ్ళ దుకాణం. వారం వారం పళ్ళు పట్టుకుని వస్తాడు, చెడ్డవాడు కాదు. "అమ్మా, బాగుందా?" అంటాడు. "బాగుంది" అంటుంది. నిశ్చింతగా వెళ్ళిపోతాడు. ఈసారి నేను ఆపి చెప్పబోయాను. ముఖం ముడుచుకుని, "మా అమ్మ సుఖంగా ఉందండీ. అందరికీ మీలాగే ఉండాలని లేదు" అన్నాడు. వదిన వింటూనే ఉంది. అతను వెళ్ళాక గోడవైపు ముఖం తిప్పుకుంది. పుండు మీద కారం చల్లినట్టయింది నాకు.

అసలు సంగతికి వస్తాను. గురువారం ఇక్కడికి తనిఖీ వాళ్ళు వస్తున్నారు. వీళ్ళిచ్చే మార్కులు చూసే కదా నీలాంటివాళ్ళు సంరక్షణ గృహం ఎంచుకునేది. ఈ మార్కులు తగ్గితే మేనేజరు ఉద్యోగం గాల్లో దీపం. అందుకని తెరలు మార్చారు, పూలకుండీలు పెట్టారు, ఎక్కడెక్కడి ఆయాలో ఆ ఒక్కరోజుకి వస్తున్నారట. తనిఖీ వాళ్ళతో మాట్లాడటానికి ఎవరిని ఎంచారో నువ్వే ఊహించుకో. బంగారు మామ్మని! ఆ సమయానికి నాకు కిందగదిలో వ్యాయామమట. ఇన్నాళ్ళూ పొద్దున్నే చేయించేవాళ్ళు, ఆ ఒక్కరోజు మధ్యాహ్నం.

నేను ఆ పై వారం శనివారం ఇంటికి వచ్చేస్తాను. ఆ తర్వాత ఈ గదిలో ఆ మాటకి అర్థం తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు. ఆయాకి తెలుసు గానీ ఆమె మాట వినేదెవరు? నువ్వు గురువారం వస్తావా? నీ ఉద్యోగం నాకు తెలుసు, మామూలుగా అయితే అడగను. నా ఒక్కదాని మాటకి ఇక్కడ విలువ లేదు. గంట మామ్మ మళ్ళీ మొదలుపెట్టింది అంటారు.

ఎదురుచూస్తూ
అత్తయ్య


నా బంగారు కోడలికి,

ఇక్కడ బంగారమన్న మాట పాడైపోయింది గానీ, నీకు వేరే మాట దొరకలేదు.

నువ్వు పోయిన గురువారం రాలేదని, నిజం చెప్పొద్దూ, ఆ పొద్దుటి నుంచీ నిన్ను మనసులో తిట్టుకున్నాను. ముందురోజే బ్యాంకు నుంచి తిన్నగా ఆ కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళావని నాకేం తెలుసు? అతను మొదట గయ్యిమన్నాడట. అతను వస్తానని మాటిచ్చేదాకా నువ్వు దుకాణంలో కుర్చీలోంచి లేవలేదట. "మీ కోడలు మొండిఘటం అండీ" అన్నాడు నాతో. మా ఇంట్లో నేర్చుకుందిలే అన్నాను.

జరిగింది వరసగా చెబుతాను. ముందురోజే నేను వదిన చెయ్యి పట్టుకుని అడిగాను. "వదినా, రేపు నలుగురి ముందు మిమ్మల్ని అడగకూడని ప్రశ్నలు అడుగుతాను. మీకు అవమానంగా ఉంటుంది. అడగనా?" నా ముఖంలోకి చూసింది. తర్వాత నొక్కింది.

వ్యాయామానికి తీసుకెళ్ళడానికి వస్తే కాలు పట్టేసిందని చెప్పి పడుకున్నాను. తనిఖీకి ఒక ఆయన, ఒకావిడ వచ్చారు. వెనక మేనేజరు, హెడ్ నర్సు. వదినని కుర్చీలో కూర్చోబెట్టి కొత్త శాలువా, కొత్త మేజోళ్ళు వేశారు. తనిఖీ ఆవిడ వంగి, మర్యాదగానే అడిగింది. "గది ఎలా ఉందమ్మా?" "బాగుంది." "భోజనం?" "బాగుంది." రాసుకుంటూ పోతోంది. మేనేజరు ముఖం వెలిగిపోతోంది.

"నేనొకటి అడగచ్చా?" అన్నాను. ఎవరైనా వద్దనేలోపే అడిగేశాను. "వదినా, రేపటి నుంచి మీకు తిండి మానేద్దామా?"

"బాగుంది" అంది వదిన.

"ఈ కుర్చీలోంచి కిందకి తోసెయ్యమంటారా?"

"బాగుంది." కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ తల దించలేదు.

రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. మేనేజరు కంగారుగా ముందుకొచ్చి, "ఆవిడకి మతి సరిగా లేదండీ, ఆ మాటలు పట్టించుకోకండి" అన్నాడు. అప్పుడు ఎక్కడ లేని కోపం వచ్చింది నాకు. "మతి లేని మనిషి మాట తీసుకెళ్ళి మీ గుమ్మంలో ఎందుకు పెట్టుకున్నారు నాయనా? అది చూసే కదా మా కోడలు నన్నిక్కడ చేర్చింది?" అన్నాను.

తలుపు దగ్గర వదిన కొడుకు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో చూడలేదు. ఎవరినీ పలకరించకుండా వచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఎడమచెయ్యి పట్టుకో బాబూ. అవునంటే నొక్కుతుంది" అన్నాను.

"అమ్మా, నేనెవరో తెలుస్తోందా?" నొక్కింది. "కాలు నొప్పిగా ఉందా?" నొక్కింది. "నేను వచ్చి అడిగినప్పుడల్లా ఉందా?" అన్నాడు. నొక్కి, ఇక వదల్లేదు. అతను లేవబోయినా వదల్లేదు. తనిఖీ ఆవిడే వంగి మేజోడు విప్పి మడమ చూసింది. ఆ తర్వాత బయట ఏం జరిగిందో నేను చూడలేదు గానీ, మేనేజరు గొంతు వినిపించలేదు. అంటే ఎవరో అతనికే వినిపిస్తున్నారన్నమాట.

అంతా చక్కబడిపోయిందనుకోకు. మేనేజరు ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. హెడ్ నర్సు నాతో మాట్లాడటం మానేసింది, దానికి నేనేం చిక్కిపోను. హాల్లో టీవీలోంచి వదినని తీసేసి సముద్రం బొమ్మ పెట్టారట. రోజూ ఒకరొచ్చి మడమకి కట్టు కడుతున్నారు. ఆయాకి తోడు ఇంకొకామెని ఇచ్చారు, ఎన్నాళ్ళుంచుతారో చూడాలి. కొడుకు దుకాణం మూసి రోజూ సాయంత్రం వస్తున్నాడు, పళ్ళు తేవడం మానేసి చెయ్యి పట్టుకుని కూర్చుంటున్నాడు. బెల్లు మీట ఎడమ పక్కకి మార్చింది అతనే. వాళ్ళు మారుస్తామంటూంటే తనే స్టూలెక్కి మార్చాడు.

ఈ శనివారం నువ్వే రా, మావాణ్ణి పంపకు. లిఫ్టు దగ్గర నిలబడకుండా గదిలోకి రా. వదినకి నిన్ను చూపించాలి. ఇంటికొచ్చాక "ఎలా ఉన్నారత్తయ్యా" అని వంటింట్లోంచి కేక వెయ్యకు, దగ్గరికొచ్చి అడుగు. నేనూ బాగుందని తప్పించుకోను.

ఇవాళ పొద్దున్న జరిగింది చెప్పి ముగిస్తాను. ఇంటికి వెళుతున్నానన్న సంబరంలో కర్ర లేకుండా బీరువా దాకా వెళ్ళబోయి, మధ్యలో కాలు మెలిపడింది. పడలేదు గానీ మంచం ఊచ పట్టుకుని వేలాడుతూ ఉండిపోయాను. కేక వేద్దామంటే ఊపిరి అందలేదు. నేను నోరు తెరిచేలోపే తలుపు మీద పసుపు లైటు వెలిగింది. చూస్తే వదిన! ఎడమచేత్తో మీట పట్టుకుని నొక్కుతోంది, నొక్కుతూనే ఉంది. ఆయా పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది. హెడ్ నర్సు వెనకాలే వచ్చి, అలవాటు కొద్దీ లైటు ఆర్పింది. వదిన మళ్ళీ వెలిగించింది. ఆమె ముఖంలోకి సూటిగా చూస్తూ, మా అత్తగారు నన్ను తిట్టినంత గట్టిగా, "బాగుంది!" అంది.

నీ అత్తయ్య