మేజిస్ట్రేటు గారికి వినపడకుండా

టిరెల్ బే, కరియాకూ దీవి
నవంబర్ మొదటివారం

ప్రియమైన నాన్నకు,

నువ్వు స్టీమరెక్కిన రోజు నీ కోసం వండిన శంఖమాంసం కూర ఎస్మండ్ ఒక్కడే ఊడ్చేశాడు. తిని, మూతి తుడుచుకుంటూ, "మామయ్య అలిగి వెళ్ళాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే నాకు గిన్నె అడుగే దక్కేది" అన్నాడు. అత్త కొడుకని ఊరుకున్నాను గానీ, పడవ నడపడం రాకపోతే ఎప్పుడో నీళ్ళలోకి తోసేసేదాన్ని. నువ్వు అలగలేదని నాకు తెలుసు. అలిగినా బాగుండేది, రెండు రోజులకు అదే తీరేది.

ఫోన్ చేద్దామంటే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, ఇక్కడ నేను అరిచే అరుపులకు పక్కింటి మేకలు బెదురుతాయి. మెసేజీల బొత్తాలు నీ వేళ్ళకు అందవు. అందుకని ఉత్తరాలే. స్టీమరు సరంగు చేతికిస్తున్నాను, అత్తకు అందజేస్తాడు.

మనతో డైవింగ్‌కు వచ్చిన ఆ కెనడా టీచరమ్మ ఊరు చేరి కార్డు పంపింది. సెలవులు చాలా బాగా గడిచాయట, వచ్చే ఏడు చెల్లెలిని కూడా తెస్తుందట. చూశావా? ఆమె మర్చిపోయింది. నీళ్ళ అడుగున గాలి గొట్టం పాడై, నోటికి గాలి సరిగా అందక, మనల్ని పిలవడానికి ఆమె సిలిండరు మీద ఇనుప క్లిప్పుతో కొట్టింది. నువ్వు రాతి కింద సముద్రపు గుర్రాన్ని వెతుకుతున్నావు, నీకు వినపడలేదు. నాకు వినపడింది, వచ్చి నా రెండో గొట్టం ఇచ్చాను, ఇద్దరం మెల్లగా పైకి వచ్చేశాం. ఒక పడవలో ఇద్దరు గైడులు ఉండేది ఎందుకు మరి? నువ్వు మాత్రం ఆ సాయంత్రమే పెట్టె సర్దుకున్నావు.

చెవులు చూపించుకుని తొందరగా వచ్చెయ్. సీజను మొదలవుతోంది. హోటలువాళ్ళు పంపే అతిథులు డిసెంబరు అంతా నిండిపోయారు. అన్నట్టు, పగడాల దిబ్బలో ఉండే ఆ పెద్ద చేప, మన మేజిస్ట్రేటు గారు, ఇప్పుడు నాకు తెగ మాలిమి అయిపోయారు. మన సముద్రానివి కాని ఆ చారల ముళ్ళచేపలు పిల్లచేపలన్నిటినీ మింగేస్తున్నాయి కదా, వాటిని ఈటెతో పొడిచి, ఆ మొన మీదే ఆయన నోటికి అందిస్తున్నాను. ముళ్ళతో సహా గుటుక్కుమనిపిస్తారు. అతిథులు ఫొటోలు తీసుకుని మురిసిపోతున్నారు.

నీ రాక కోసం చూస్తూ,
ఇయాంతి

*

సెయింట్ జార్జెస్, గ్రెనడా
నవంబర్

ప్రియమైన ఇయాంతికి, నాన్న దీవెనలు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుర్రాడు. ఒక చెవిలో లైటు వేసి ఎంతసేపు చూశాడంటే, అవతలి చెవిలోంచి బజారు కనబడుతోందేమో అనుకున్నాను. చెవి పొరలు నిక్షేపంలా ఉన్నాయట. సముద్రం నన్నేమీ చెయ్యలేదట. సిలిండర్లలో గాలి నింపే కంప్రెసరు పక్కన ఇన్నేళ్ళు నిలబడ్డాను చూడు, ఆ రొద తినేసిందట. తిన్నది తిరిగి రాదన్నాడు. మిషను పెట్టుకుంటే నేల మీద కొంచెం వినిపిస్తుంది, నీళ్ళలో అది పనికిరాదు.

నీళ్ళలో దిగడానికి అభ్యంతరం లేదని కూడా అన్నాడు. నాకుంది. కార్డులో ఏం రాసినా రాయనీ, ఆమె నా వెనకే, నాలుగు చేతుల దూరంలో ఉంది. నేను సముద్రపు గుర్రాన్ని వెతుకుతున్నాను. నువ్వు ఆ పూట జలుబు చేసి పడవలోనే ఉండిపోయి ఉంటే? రోజూ పడుకోబోయే ముందు అదే గుర్తొస్తుంది. అతిథి పిలిస్తే వినపడని గైడు ఎవరికి కావాలి?

మా అక్క వంట చేసేది చెవిటి పిల్లల బడిలో అని తెలుసుగా. నన్ను ఊరికే కూర్చోనివ్వదు. "తమ్ముడూ, నీకు వినపడకపోతే పోయింది, సుత్తి పట్టుకోవడం వచ్చుగా" అని బడి బల్లలన్నీ నా ముందు వేసింది. బాగు చేస్తున్నాను. తిండికి లోటు లేదు.

ఆ చేపకు నోటికందించడం మాత్రం మానెయ్. అది ముద్దుగా ఉన్నంత మాత్రాన పిల్లిపిల్ల కాదు. నీ అంత బరువుంటుంది. దానికి ఏది అలవాటు చేస్తే అదే తన హక్కు అనుకుంటుంది.

ఆశీస్సులతో,
నాన్న

*

టిరెల్ బే
డిసెంబర్, పరాంగ్ పాటల పండుగ అయిన మర్నాడు

ప్రియమైన నాన్నకు,

నీ మాట వినలేదు. మొదటే ఒప్పేసుకుంటున్నాను, తిట్టడానికి నీకు సగం కాగితం మిగులుతుంది.

పండుగకని ఊరంతా అతిథులే. నిన్న పొద్దున ఒక గుంపును మన దిబ్బకు తీసుకెళ్ళాను. పగడాల వెనక తాబేలు కనబడింది. అందరినీ పిలుద్దామని ఎప్పటిలాగే క్లిప్పుతో సిలిండరు మీద టకటకా కొట్టాను. అతిథులకన్నా ముందు మేజిస్ట్రేటు గారు వచ్చేశారు. ముళ్ళచేపను పొడిచినప్పుడల్లా, ఇటు చూడండని అతిథుల కోసం నేను అలాగే కొట్టేదాన్ని కదా. ఆయన దాన్ని భోజనం గంట అనుకుంటున్నారు! నా చేతిలో ఏమీ లేదు. నా చుట్టూ ఒకసారి తిరిగారు, నా మాస్కులోకి తొంగి చూశారు, తర్వాత వెళ్ళి ఒక పెద్దాయన చెయ్యి నోట పట్టారు. తొడుగు ఉంది కాబట్టి చెయ్యి దక్కింది. తొడుగు మేజిస్ట్రేటు గారి కడుపులోకి పోయింది. ఆయన వెనకే పాము లాంటి ఆ పచ్చచేప కూడా నోరు తెరుచుకుని బొరియలోంచి వచ్చింది.

పెద్దాయన మంచివాడు. పడవెక్కాక కమిలిన చేతికేసి చూసుకుని, "ఇంటికెళ్ళి చెబితే నా మనవలు నమ్మరు" అని నవ్వాడు. ఆయన భార్య నవ్వలేదు. సాయంత్రానికి హోటలుకు తెలిసింది. ఇంకోసారి ఇలా జరిగితే అతిథులను వేరే పడవకు పంపుతామన్నారు. మన చిన్న పడవ ఆ దిబ్బ దాటి పోలేదు, వేరే దిబ్బ మనకు లేదు.

ఎస్మండ్ మందు చెప్పాడు. "దానికి ఒక ఈటె, నిమ్మకాయలు రెండు, పెద్ద కుండ ఒకటి." జాక్ ఐరన్ రమ్ము నేనే తెస్తానని కూడా అన్నాడు. నేను వాడితో మాట్లాడడం మానేశాను. మొదటిసారి నన్ను నీళ్ళలోకి దించినప్పుడు నువ్వు చూపించిన చేప అది. దాని తప్పు ఏముంది, పిలిచాను, వచ్చింది.

ఏం చెయ్యను నాన్నా? నువ్వుంటే నిన్నడిగేదాన్ని. ఇలా కాగితం మీద అడిగి స్టీమరు కోసం కాచుకుని కూర్చోవడం నాకు చాలా కష్టంగా ఉంది.

నీ పొగరుబోతు కూతురు,
ఇయాంతి

*

సెయింట్ జార్జెస్
డిసెంబర్ చివర

ప్రియమైన ఇయాంతికి,

ఎస్మండ్‌ను ఆ కుండ బోర్లించమను. చేపను ఎవరూ ముట్టుకోవద్దు.

ఈటె ఇంట్లో పెట్టెయ్. ముళ్ళచేపల పని వేరే పడవలవాళ్ళు వేరే దిబ్బల దగ్గర చూసుకుంటారు. క్లిప్పు కూడా పడవలోనే వదిలెయ్. అతిథుల క్లిప్పులు కూడా దిగేముందే అడిగి తీసుకో. నీళ్ళలో ఇనుము చప్పుడన్నదే మేజిస్ట్రేటు గారికి వినపడకూడదు. నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. వస్తాడు, చూస్తాడు, ఏమీ దొరకదు, విసుగెత్తి తన వేట తను చూసుకుంటాడు. అందరి చేతులూ ముడుచుకుని ఉండాలి, ఎవరూ వేలు చాపకూడదు.

చప్పుడు లేకుండా అతిథులను ఎలా నడపాలంటావు. నేను మొదలుపెట్టినప్పుడు ఈ క్లిప్పులెక్కడివి? పడవ మీదే అందరినీ కూర్చోబెట్టి చేతి సైగలు నేర్పు. తాబేలుకిది, పెద్ద రొయ్యకిది, గాలి తగ్గితే ఇది. ఇద్దరిద్దరిని జతకట్టు. ఒకరినొకరు తాకేంత దగ్గరలో ఉండమను. నువ్వు ముందు ఈదకు, వెనక్కి ఈదుతూ వాళ్ళ మొహాలకేసి చూస్తూ ఉండు. మెడ నొప్పి పుడుతుంది, అలవాటవుతుంది.

ఇంకో సంగతి. నేను తిరిగి వస్తానని ఎదురుచూస్తున్నావు. ఇక్కడ బడివాళ్ళు నన్ను ఉండిపొమ్మంటున్నారు, పని బాగానే ఉంది. కాళ్ళకు తొడిగే నా ఫిన్స్, మాస్కు, గాలి పీల్చే రెగ్యులేటరు వసారా మూలన పడి ఉంటాయి. పనికొచ్చేవాళ్ళకు ఇచ్చెయ్. ఉప్పు పట్టి పాడైపోవడం దేనికి.

దీవెనలతో,
నాన్న

*

టిరెల్ బే
ఫిబ్రవరి

ప్రియమైన నాన్నకు,

నీ ఫిన్స్ ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను. కడిగి ఆరబెట్టాను. ఇన్నాళ్ళు ఉత్తరం రాయకపోవడానికి కారణం నీ మీద కోపమే. మూలన పడి ఉంటాయట! వాటి మూల ఎక్కడుందో ఎంత బాగా గుర్తుంది నీకు.

చెప్పినట్టే చేశాను. మొదట్లో అతిథులు గొణిగారు. "ఇదేమిటమ్మా, సెలవులకొచ్చామా, ప్రార్థనకొచ్చామా" అని ఒకామె అడిగింది. మేజిస్ట్రేటు గారు రోజూ వచ్చేవారు. ఒక్కొక్కరి మొహంలోకి తొంగి చూసి, నా దగ్గరికొచ్చి నిలబడి, పెదవులు వేలాడేసుకుని కాసేపు ఉండి పోయేవారు. నాకు ఏడుపొచ్చేది. మాస్కులో ఏడిస్తే ఏమీ కనబడదు కాబట్టి అదీ కుదరలేదు. ఇప్పుడు దూరం నుంచే చూసి రాతి కిందికి పోతున్నారు. హోటలువాళ్ళు కూడా చల్లబడ్డారు.

పోయిన వారం వచ్చిన గుంపు గురించి చెప్పాలి. అందరూ చెవిటివాళ్ళు, స్నేహితులు, ఏటా ఒక దీవిలో డైవింగ్‌కు కలుస్తారట. నేను ఎప్పటిలా సైగలు నేర్పబోతే ఒకాయన నా చేతులు చూసి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నాన్నా, వాళ్ళు నీళ్ళ కింద కబుర్లు చెప్పుకుంటారు! తాబేలును చూపించి ఊరుకోవడం కాదు, దాని మీద జోకులు. ఒక మొగుడూ పెళ్ళాం ఇసుక మీద మోకరిల్లి, కెమెరా మూత ఎవరు మర్చిపోయారని పోట్లాడుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇద్దరికీ వంత పాడారు. అందరిలోకీ మూగదాన్ని నేనొక్కదాన్నే. రాత్రుళ్ళు ఎస్మండ్ పేకాటలో వాళ్ళ చేతిలో ఓడి, "అంతా నా ఎదురుగానే మాట్లాడుకుని మోసం చేశారు" అని లబోదిబోమన్నాడు.

వెళ్ళే ముందు పలక మీద రాశారు. ఈస్టరుకు ముందు ఇంకా పెద్ద గుంపుతో వస్తారట, వాళ్ళ భాష వచ్చిన గైడు ఎవరైనా ఉన్నారా అని. మా నాన్న గైడే, ఆయనకీ వినపడదు అని రాశాను. అందరూ ఒక్కసారే చేతులు ఊపారు. అర్థం కాక పలక ఇస్తే, "ఆయన ఎక్కడ?" అని రాశారు. పలక తుడిచేశాను.

నాకేదో సైగ పేరు కూడా పెట్టారు. పెదవులు ముందుకు చాపి, బుగ్గ మీద రెండు వేళ్ళు ఆనించి తిప్పుతారు, నవ్వుతారు. మంచిదో చెడ్డదో తెలియదు.

నాన్నా, ఈస్టరుకు వాళ్ళు వస్తే ఏం చెప్పను? ఈసారి నిజం రాయి.

ఇయాంతి

*

సెయింట్ జార్జెస్
ఫిబ్రవరి

నా తల్లి ఇయాంతికి,

నీ ఉత్తరం అక్క రెండుసార్లు చదివింది. చదివి, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడింది. ఆవిడ అలా నిలబడితే ఎంత దూరం నుంచైనా నాకు వినపడుతుంది. "ఇప్పుడైనా పిల్లకు చెబుతావా, నేను చెప్పనా?" అంది.

నేను ఇక్కడ బల్లలు బాగుచేస్తున్న మాట నిజమే. అవి క్రిస్మస్‌కు ముందే అయిపోయాయి. ఆ తర్వాత నుంచి పిల్లల మధ్య ఆఖరి బల్ల మీద కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుంటున్నాను. నీకు రాయలేదు, సిగ్గేసింది. ఈ వయసులో ఏబీసీడీలు. నా వేళ్ళు మొద్దు. మంచి మాట అనబోయి బూతు అన్నానట ఒకసారి, క్లాసు క్లాసంతా కిందపడి దొర్లింది. ఇప్పుడు నాలుగు మాటలు తిన్నగా అనగలను, ఎదుటివాళ్ళు మెల్లగా అంటే ఎక్కువే తెలుసుకుంటాను. శనివారాలు పెద్దపిల్లలను గ్రాండ్ ఆన్స్ తీరానికి తీసుకెళ్ళి మాస్కుతో నీళ్ళలోకి చూడడం నేర్పుతున్నాను. మొదటిరోజు నీళ్ళలో దిగాక ఒక పిల్ల నా భుజం తట్టి, చేతులతోనే "తాతా, అక్కడ చేప" అంది. నేను, "చూశాను" అన్నాను. ఆ కెనడా ఆవిడ విషయం జరిగాక మొదటిసారి ఆ రోజు నిద్ర పట్టింది.

ఇంటికి రావడానికని నేర్చుకోలేదు. ఇక్కడే ఉండిపోదామని నేర్చుకున్నాను. నీ ఉత్తరం చూశాక మనసు మారింది. ఆ గుంపును నేను దించుతాను. వాళ్ళలో ఎవరూ చప్పుడు చేసి పిలవరు, ఒకరి మీద ఒకరు కన్ను వేసే ఉంటారు. వాళ్ళ దగ్గర నేను పనికొస్తాను. వినేవాళ్ళను నువ్వు చూసుకో, వాళ్ళ జోలికి నేను రాను. ఈ విషయంలో నాతో వాదించొద్దు. శనివారాల పిల్లల కోసం నెలకోసారి ఇక్కడికి వస్తానని బడివాళ్ళకు మాటిచ్చాను, అదీ వాదించొద్దు.

నీకు పెట్టిన పేరు మాత్రం కాగితం మీద చెప్పలేను. చూపించు, చెబుతాను. ఆ పెదవుల వ్యవహారం వింటే మేజిస్ట్రేటు గారి చుట్టమని పెట్టినట్టున్నారు.

ఒక్క షరతు. నువ్వు కూడా నేర్చుకోవాలి, ఎస్మండ్ కూడా. పడవ కోసం కాదు. ఈ రెండేళ్ళుగా భోజనాల దగ్గర మీరిద్దరూ ఏదో అనుకుని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఎందుకు నవ్వుతున్నానో నాకు ఒక్కసారి కూడా తెలియలేదు. అడిగితే మళ్ళీ మొదటి నుంచి అరిచి చెప్పాల్సి వస్తుంది, కూర చల్లారిపోతుందని ఊరుకునేవాణ్ణి. ఇక్కడ, అక్క వండిన పులుసు ముందు, పిల్లలు దేనికి నవ్వుతున్నారో నాకు తెలుస్తోంది తల్లీ. మన ఇంట్లో కూడా అది కావాలి నాకు.

శుక్రవారం స్టీమరుకు వస్తున్నాను. రాత్రి భోజనం కాగానే మొదటి పాఠం. ఎస్మండ్ తప్పించుకు పోకుండా చూడు.

మీ నాన్న,
కస్‌బర్ట్