తుపాకి మీద కొండ

మోంటానా, ఆగస్టు

నోరీన్ వదినకి,
నీ మరిది ఎల్డన్ రాసేది. మోకాళ్లు తప్ప నేను కులాసా. కొండెక్కడం ఈ ఏటితో సరి అని డాక్టరు తేల్చేశాడు. పోయినేడు తడి చేతిజోళ్లలోంచి రైఫిల్ జారి రాతికి కొట్టుకుంది. ఆ చప్పుడుకి ఎల్క్ దుప్పి నావంక ఒకసారి చూసి, పొగమంచులోకి తాపీగా నడిచి వెళ్లిపోయింది. ఇప్పటికీ కల్లోకొస్తుంది, మహారాజులా. ఈసారి జారకూడదు. అందుకని రైఫిల్ స్టాక్, అదే ఆ నల్ల ప్లాస్టిక్ పిడి, ఊడదీసి పంపుతున్నాను. వేటలో ఎరగా నీళ్లమీద వదిలే చెక్క బాతులకి రంగులేసి ప్రాణం పోసిన చెయ్యి నీది. దీనికి కాస్త గరుకూ, కొండలో కలిసిపోయే రంగూ వెయ్యి.
ఎల్డన్
తా.క.: మీ తమ్ముడు డెల్మర్‌కి చూపించకు. వాడూ వేటగాడే.

ఎల్డన్‌కి దీవెనలు.
పిడి అందింది. జిడ్డు కడిగి ఎమరీ కాగితంతో రుద్దాను. లేకపోతే ప్లాస్టిక్ మీద రంగు పొలుసుల్లా లేస్తుంది. పట్టుకునే చోట రంగులో సన్న ఇసుక కలిపి పూశాను. ఇక ఉడుంపట్టే. ఇప్పుడు నువ్వు వేటాడే చోటి గడ్డి కావాలి. పరకలు పిడిమీద పరిచి రంగు చిమ్మితే వాటి నీడలు అచ్చుపడతాయి. ఏ కొండో చెప్పినా చాలు.
నోరీన్
తా.క.: తోటి వేటగాళ్లు పొరపాటున కాల్చకుండా, చట్టప్రకారం నువ్వు నారింజ రంగు చొక్కా తొడుక్కునే వెళ్లాలి కదా! తుపాకి ఒక్కటీ దాక్కుని ఏం లాభమయ్యా?

వదినా,
ఏ కొండో చెప్పాలా! అలాంటివి ఎవరైనా చెబుతారా? నీ మొగుడు, మా అన్న గార్త్, పోయేదాకా అడిగాడు. ఆయనకే చెప్పలేదు నేను. నిన్ను అడగమన్నది డెల్మరేనా? గడ్డి మాత్రం పంపుతున్నాను.
ఎల్డన్
తా.క.: దుప్పికి నారింజ రంగు ఆనదట. మెరిసే పిడిని మాత్రం ఇట్టే పసిగడుతుంది.

ఎల్డన్!
గడ్డిలో చూయింగ్ గమ్ కాగితం వచ్చింది. పెట్రోలు బంకు వెనక పీకావు కదూ? ఈ రంగేస్తే నీ రైఫిల్ బంకులో తప్ప ఎక్కడా కలవదు. మా తమ్ముణ్ణి అన్నావని కోపమొచ్చి కొన్నాళ్లు కుంచె ముట్టలేదు. తర్వాత ఓ పొద్దున కిటికీలోంచి పొగమంచు చూస్తూ కూర్చుంటే చెయ్యి తనంతట తానే కదిలింది. నా మనసులో ఉన్న కొండ ఒక్కటే. అదే వేశాను. మెరుపులేని పైపూత ఆరగానే పంపుతాను.
నోరీన్
తా.క.: గమ్ కాగితం జతచేశాను. నీ రహస్యం నీ దగ్గరే ఉండనీ.

వదినా,
ఎంత మోసం! పెట్టె విప్పి కుర్చీలో కూలబడ్డాను. పసుపెక్కిన లార్చ్ చెట్లు, వాటికింద నీలంగా తొలి మంచు, పిడుగుపడి చీలిన మాను. నేను ఏటా వీపు ఆనించి కూర్చునే మానే అది! డెల్మర్ నా వెనకే వచ్చాడన్నమాట. అక్కాతమ్ముళ్లు కలిసి నా గుట్టు రట్టు చేశారు. ఇంక మనకి ఉత్తరాల్లేవు.
ఎల్డన్
తా.క.: పట్టు మాత్రం బ్రహ్మాండం. వదలబుద్ధి కావడంలేదు.

ఎల్డన్,
డెల్మర్‌కి ఆ కొండ ఎక్కడుందో కూడా తెలీదు. అది మీ అన్న కొండ. విల్లువేటకి అనుమతి ఉండే సెప్టెంబరులో విల్లు పట్టుకుని ఏటా అక్కడికే వెళ్లేవాడు. నువ్వు రైఫిల్‌తో బయల్దేరే రోజులకి ఇల్లు చేరేవాడు. "ఎల్డన్‌గాడికి మాత్రం చెప్పకే" అని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. పోయాక ఆయన బూడిద నేనే మోసుకెళ్లి ఆ చీలిన మాను మొదట్లో చల్లాను. అదీ ఆయన కోరికే. ఆ పొద్దుటి మంచు ఇంకా నా కళ్లలోనే ఉంది. నీదీ అదే కొండ అని నీ తిట్లు చదివాకే తెలిసింది. ముందు పడీపడీ నవ్వాను, తర్వాత చాలాసేపు ఏడ్చాను. పిచ్చి సన్నాసుల్లారా, పక్కపక్కన కూర్చోవలసినవాళ్లు ఒకళ్లకి తెలీకుండా ఒకళ్లు దాచుకున్నారు! ఆయన పోయిన దగ్గర్నుంచీ నువ్వు వీపు ఆనించింది మీ అన్నకే. జాగ్రత్తగా ఎక్కు.
నోరీన్
తా.క.: దుప్పి వస్తే తొందరపడకు. ముందు ఆయన్ని అడుగు. పెద్దవాడు కదా, మొదటి గురి ఆయనది.